క్లోమం మీద ఎర్రగీత

త్రినాథ్‌కి ఆ రోజు కాళ్ళు నేల మీద ఆనలేదు. ఎలా ఆనుతాయి? మూణ్ణెల్ల పసిపిల్ల కడుపులో దొంగ ఎక్కడ దాక్కున్నాడో పట్టేశాడు మరి.

పిల్ల పేరు మోక్షిత. వాళ్ళది పార్వతీపురం అవతల కొండ కింద ఊరు. పుట్టిన దగ్గర్నుంచీ ఒంట్లో చక్కెర పడిపోతోంది. క్లోమం అవసరానికి మించి ఇన్సులిన్ కుమ్మరించేస్తుంటే రక్తంలో చక్కెర ఎక్కడ నిలుస్తుంది? నిలవకపోతే ఫిట్స్. ఫిట్స్ మీద ఫిట్స్ వస్తే మెదడు దెబ్బతింటుంది. మందులు పనిచేయలేదు. మెడ దగ్గర పెద్ద నరంలోకి రాత్రీ పగలూ గ్లూకోజు ఎక్కుతూనే ఉండాలి.

ఈ జబ్బులో రెండు రకాలు. క్లోమమంతా చెడి ఉండొచ్చు, లేదా ఒక్కచోట చుక్కంత చెడి ఉండొచ్చు. చుక్కే అయితే అది తీసేస్తే సరి, పిల్ల హాయిగా పెరుగుతుంది. అంతా తీసేయాల్సి వస్తే మాత్రం ఈ జబ్బు పోయి దీనికి సరిగ్గా ఎదురు జబ్బు పట్టుకుంటుంది. బతికినన్నాళ్ళూ షుగరు, రోజూ ఇన్సులిన్ సూదులు. ఏ రకమో తేల్చడానికి ప్రత్యేకంగా ఒక స్కాన్ ఉంది. ఒంట్లోకి ఒక మందు ఎక్కిస్తారు. చెడ్డ కణాలు దాన్ని ఎక్కువగా పీల్చుకుని తెర మీద మెరుస్తాయి.

ఆ స్కాన్ తీయించాల్సిందేనని పట్టుబట్టింది త్రినాథే. పిల్లల సర్జరీ నేర్చుకుంటున్నాడు, చివరి ఏడాది. వేరే నగరం దాకా అంబులెన్సులో పిల్ల పక్కనే కూర్చుని, గ్లూకోజు పంపు మీంచి కన్ను తీయకుండా వెళ్ళొచ్చాడు. బొమ్మ వచ్చింది. క్లోమం నడుమ ఒక్క చుక్క, నిప్పుకణికలా.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. బొమ్మని పెద్ద కాగితం మీద అచ్చు తీయించి, ఎక్కడ కోయాలో ఎర్ర మార్కరుతో గీత గీశాడు. క్లోమానికి లావుపాటి కొసని తల అనీ, సన్నటి కొసని తోక అనీ అంటారు. తల వైపు పిత్తనాళం ఉంటుంది, అటు చెయ్యి పెట్టడం ప్రమాదం. అందుకని అటువైపు గీతని చుక్కకి ఒరుసుకునేలా ఆపేశాడు. తోక వైపు అడ్డేమీ లేదు కదా, భద్రం కోసమని అదంతా కలిపేశాడు. దగ్గర దగ్గర సగం క్లోమం ఆ గీతలో పడింది.

దాన్ని పట్టుకెళ్ళి పిల్ల తల్లి పైడితల్లికి చూపించాడు కూడా.

"ఇదిగో అమ్మా, ఇంతవరకూ తీసేస్తాం. ఇంక బెంగ లేదు."

పైడితల్లికి ఇరవై ఏళ్ళుంటాయేమో. కాగితం వంక చాలాసేపు చూసింది.

"తీసేసింది మళ్ళీ మొలుస్తాదా, బాబూ?"

"మొలవదు."

"మరి మంచిది కూడా తీసేస్తన్నారా?"

"అవన్నీ మేం చూసుకుంటాం లేమ్మా" అని త్రినాథ్ చక్కా వచ్చేశాడు. జవాబు లేనప్పుడు డాక్టర్లు అనే మాట అదే.

ఆపరేషన్ చేయాల్సింది డాక్టర్ ఖుర్షీద్. పసిపిల్లల కడుపులు కోసి కుట్టడంలోనే జుట్టు నెరిసిన మనిషి. మాట తక్కువ. ఆవిడ దగ్గర పని నేర్చుకునేవాళ్ళు ఆవిడ తిడితే భయపడరు, "ఊఁ" అంటే భయపడతారు.

గీత చూసి ఆవిడ "ఊఁ" అంది.

కాగితం పక్కన పెట్టి, కంప్యూటరు తెర మీద అదే బొమ్మ తెరిచింది. వెలుగు పెంచే మీట పట్టుకుని మెల్లగా జరిపింది. చుక్క ఉబ్బింది. ఇంకా జరిపింది. క్లోమమంతా భగ్గుమని ఎర్రబడింది.

"మొత్తం తీసేద్దామా?"

త్రినాథ్ ఉలిక్కిపడ్డాడు. "అది... వెలుగు ఎక్కువయింది మేడమ్."

ఆవిడ మీటని వెనక్కి జరిపింది. చుక్క ఆవగింజంత అయింది. ఇంకా జరిపితే తెరంతా నలుపు.

"జబ్బు తగ్గిపోయింది. పిల్లని ఇంటికి పంపేద్దామా?"

గదిలో వెనకాల నిలబడ్డ జూనియర్లెవరో కిసుక్కుమన్నారు. త్రినాథ్ ముఖం మాడిపోయింది.

"నీ గీత వీటిలో ఏ బొమ్మకి గీశావు, త్రినాథూ?"

ఒళ్ళు మండిపోయింది పాపం. "అయితే ఈ బొమ్మ ఎందుకు మేడమ్? ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని అంత దూరం వెళ్ళి తీయించాం కదా!"

"అది లేకపోతే నేను రేపు కత్తి పట్టను" అంది ఆవిడ. "కాగితం కూడా పట్టుకురా."

మర్నాడు కాగితాన్ని థియేటరు గోడకి అతికించారు. పిల్ల కడుపు తెరిచారు. క్లోమం చూపుడు వేలంత ఉంటుందేమో. చుక్క కంటికి కనిపించలేదు, చేతికీ తగల్లేదు. అంతా ఒక్కలాగే ఉంది. బొమ్మే లేకపోతే ఎక్కడని వెతికేవాళ్ళో దేవుడికే తెలియాలి. బొమ్మ చూపిన చోటు నుంచి మేడమ్ కందిబద్దంత ముక్క తీసి ల్యాబ్‌కి పంపింది. వాళ్ళు దాన్ని గడ్డకట్టించి, పల్చగా కోసి, మైక్రోస్కోపు కింద చూసి ఫోన్లో చెప్పాలి.

పంపేసి, క్లోమం మీద తడి గుడ్డ కప్పి, దాని మీద చెయ్యి ఆనించి నిలబడింది. అంతే.

చేతిలో కత్తెర ఉండగా ఊరికే నిలబడటమంత నరకం ఇంకోటి లేదు. మత్తు ఇచ్చే డాక్టరు మాటిమాటికీ గడియారం చూస్తున్నాడు. త్రినాథ్ ఇక ఉండబట్టలేకపోయాడు.

"మేడమ్, ఎందుకొచ్చిన తంటా? గీత వరకూ తీసేస్తే అనుమానమే ఉండదు. ఏదైనా మిగిలిపోతే మళ్ళీ కడుపు కోయాలి. అప్పుడు ఆ తల్లికి ఏం చెప్తాం?"

ఆవిడ తడి గుడ్డ తీసింది. చేతిలో కత్తెరని తిప్పి, పిడి వైపు అతనికి అందించింది.

"తియ్యి."

త్రినాథ్ కత్తెర అందుకున్నాడు. గోడ మీద గీత స్పష్టంగా ఉంది. కిందకి చూశాడు. అక్కడ గీత లేదు. లేత రంగు మాంసం, పిల్ల ఊపిరితో పాటే కొంచెం కొంచెంగా కదులుతోంది. తోక వైపు ఎంత చూసినా, ఇది చెడ్డది అని చెప్పడానికి ఏమీ కనపడలేదు. "మళ్ళీ మొలుస్తాదా, బాబూ" అని పైడితల్లి అడగడం గుర్తొచ్చింది.

చెయ్యి కదల్లేదు. కత్తెర ట్రేలో పెట్టేసి, తడి గుడ్డ తీసుకుని తనే కప్పాడు. మేడమ్ పక్కన తనూ చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

ఫోన్ మోగింది. నర్సు దాన్ని అందరికీ వినపడేలా పెట్టింది. చెడ్డ కణాలు దొరికాయి, కానీ ఒక అంచు శుభ్రంగా లేదు, అటువైపు ఇంకా మిగిలి ఉంది అని చెప్పారు.

"ఏ అంచు?" అంది మేడమ్.

"తల వైపు."

త్రినాథ్ గోడకేసి చూశాడు. తన గీత తోక వైపంతా ధారాళంగా చుట్టేసి, తల వైపుకి వచ్చేసరికి భయపడి ఆగిపోయింది. దాని ప్రకారం కోసి ఉంటే సగం మంచి క్లోమం పోయేది, చెడ్డది పిల్ల కడుపులోనే ఉండేది.

మేడమ్ పిత్తనాళాన్ని జాగ్రత్తగా తప్పించి తల వైపు ఇంకో పలుచటి ముక్క తీసింది. పంపింది. ఆగింది. మళ్ళీ కొంచెం తీసింది. మళ్ళీ ఆగింది. ఈసారి అంచు శుభ్రం అన్నారు. తీసినవన్నీ కలిపితే చింతగింజంత అయ్యాయి.

కుట్లు వేశాక త్రినాథ్ గోడ మీది కాగితం పీకి చెత్తబుట్టలో పడేయబోయాడు.

"బొమ్మేం చేసింది?" అంది మేడమ్ చేతులు కడుక్కుంటూ. "గీత ఒక్కటే నీది."

కొన్నాళ్ళకి గ్లూకోజు తగ్గించుకుంటూ వచ్చి ఆపేశారు. అయినా త్రినాథ్‌కి బెంగ తీరలేదు.

"ఇంకొక్కసారి స్కాన్ తీయిద్దామా మేడమ్? పూర్తిగా పోయిందో లేదో తెలిసిపోతుంది."

"రేపు పొద్దున పిల్లకి పాలు ఆపండి. చక్కెర నిలుస్తుందేమో చూద్దాం. నువ్వు దగ్గరే కూర్చో."

ఆ మాట విని పైడితల్లి హడలిపోయింది. పుట్టిన దగ్గర్నుంచీ ఫోన్లో అలారం పెట్టుకుని, నిద్రపోతున్న పిల్లకి గొట్టంతో పాలు పోసిన మనిషి ఆమె. వచ్చి త్రినాథ్ చెయ్యి పట్టేసుకుంది.

"పాలు మానిపిస్తే సచ్చిపోద్ది బాబూ!"

మేం చూసుకుంటాం లేమ్మా అనలేదు అతను. "నాకూ భయంగానే ఉందమ్మా. ఇద్దరం కలిసి చూద్దాం" అన్నాడు.

అలారం మోగింది. పైడితల్లి లేవబోయి, అతని ముఖం చూసి కూర్చుండిపోయింది. త్రినాథ్ పిల్ల మడమ మీద సూదితో గుచ్చి రక్తం చుక్క తీశాడు. చక్కెర నిలబడే ఉంది. మళ్ళీ మోగింది. మళ్ళీ గుచ్చాడు. నిలబడే ఉంది. పిల్ల హాయిగా నిద్రపోతోంది. వీళ్ళిద్దరే ఊపిరి బిగపట్టుకుని కూర్చున్నారు.

పాలు ఆపాల్సిన గడువు దాటుతుండగా మోక్షిత కళ్ళు తెరిచింది. ముఖం ముడిచింది. పిడికిళ్ళు బిగించి, వార్డు వార్డంతా తిరిగి చూసేలా ఏడుపందుకుంది.

"ఇదేటి బాబూ, ఫిట్సా?" అంది పైడితల్లి. "దీని ఏడుపు ఎప్పుడూ ఇలాగ లేదు!"

త్రినాథ్ మళ్ళీ గుచ్చాడు. చక్కెర బాగానే ఉంది. పిల్ల వంక చూశాడు. అది పిడికిలి నోట్లో కుక్కుకుని చప్పరిస్తోంది, కోపంగా తీసేస్తోంది, తల్లి వైపు మూతి తిప్పి మళ్ళీ అరుస్తోంది. గ్లూకోజు సీసాలూ, గొట్టంలో పాలూ తప్ప ఎరగని పిల్ల. ఇంతవరకూ దాన్ని అడగనిచ్చింది ఎవరు?

"ఆకలమ్మా" అన్నాడు. "దానికి ఆకలేస్తోంది. అంతే."

పైడితల్లి నమ్మలేనట్టు పిల్లని చూసింది. ఎత్తి గుండెకి హత్తుకుని తనూ ఏడ్చేసింది. దిండు కింద అలారం మళ్ళీ మోగింది కానీ ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

మేడమ్ ఎప్పుడొచ్చిందో, మంచం పక్కన నిలబడి ఉంది.

"స్కాన్‌కి రాసిమ్మంటావా?"

త్రినాథ్ తల అడ్డంగా ఊపాడు.

"వినండి మేడమ్."

ఆవిడ పిల్ల ఏడుపు విన్నది.

"ఇంక పాలియ్యి తల్లీ" అంది.