చెంప మారిన పుట్టుమచ్చ

చినుకొండ సంస్థానాన్ని ఏలే కోనభూపతి మహారాజుగారికి ఒకనాడు నిండు కొలువులో ఒక కోరిక పుట్టింది.

"మన సంస్థానంలో ప్రతి ఇంటి గోడమీదా నా ముఖం కనిపించాలి. ఇంకో ఎనిమిది రోజుల్లో కోట ముందు సంత. అప్పటికి బొమ్మలు సిద్ధం కావాలి" అన్నారు.

ఆస్థాన చిత్రకారుడు సింగారాచారి మీసం దువ్వుకున్నాడు.

"ప్రభూ, మీ తేజస్సును పటంలోకి దించాలంటే నా అంతటివాడికే రెండు నెలలు పడుతుంది. అదీ ఒక్క పటానికి!"

"మరి ఇళ్ళు నాలుగు వేలున్నాయే?" అన్నాడు మంత్రి.

అప్పుడు జనంలో వెనకగా నిలబడ్డ నేను నోరు తెరిచాను. మూసుకుని ఉండాల్సిన చోట తెరవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు.

"నేను చేస్తాను ప్రభూ! ఒక్క అచ్చు చెక్కితే చాలు, ఎన్ని బొమ్మలైనా దిగుతాయి."

కొలువంతా నావైపు తిరిగింది. నేను ముప్పయ్యేళ్ళు రాజుగారికి గడ్డం గీసిన పోలయ్యను. ముసలితనంలో చెయ్యి వణకడం మొదలైంది. ఒకరోజు కత్తి రాజుగారి చెవి దాకా వెళ్ళి వచ్చింది. ఆ మర్నాడే నన్ను గౌరవంగా ఇంటికి పంపారు. ఊరికే కూర్చోలేక టేకు చెక్కల మీద బొమ్మలు చెక్కి, మసి పూసి, కాగితాల మీద అద్ది, సంతల్లో అమ్మడం మొదలుపెట్టాను. చెక్కకు రక్తం రాదు కదా అని ధైర్యం.

వ్యాపారం గొప్పగా సాగిందని చెప్పను. నా చిలకను వంకాయ అనుకుని ఒకావిడ రెండు కొనుక్కుంది. నేనూ ఆవిడ తప్పు దిద్దలేదు.

"సరే. నీ బొమ్మ నాలాగే ఉంటే కోట గుమ్మం పక్కన నీకు శాశ్వతంగా అంగడి ఇస్తాను. లేకపోతే నీ అచ్చులన్నీ నీళ్ళ పొయ్యిలోకి పోతాయి. మళ్ళీ ఏ సంతలోనూ కనిపించకూడదు" అన్నారు రాజుగారు.

ఏడు రోజులు కూర్చుని చెక్కాను. రాజుగారి ముఖం నాకు కంఠతా వచ్చు. ముక్కు, మీసం, ఎడమ చెంప మీద కందిగింజంత పుట్టుమచ్చ, అన్నీ ఎదురుగా నిలబడి చూసినట్టే చెక్కలోకి దింపాను. కింద పేరు కూడా చెక్కుదామనుకున్నాను కానీ, అప్పటికి నాకు అక్షరాలు రావు.

మొదటి కాగితం ఎత్తగానే మా ఆవిడ గురవమ్మ వంగి చూసింది.

"ఏమయ్యా, రాజుగారి మచ్చ చెంప మారిందేం?"

"ముప్పయ్యేళ్ళు ఆయన గడ్డం గీసింది నువ్వా, నేనా?"

"నువ్వే. అందుకే అడుగుతున్నాను."

నేను వినలేదు. వినకపోవడంలో నన్ను మించినవాడు చినుకొండలో లేడు.

సంత మొదలైంది. పొద్దెక్కేసరికి బొమ్మల దొంతర సగమైంది. ఇంతలో భటులు వచ్చి నన్నూ, గురవమ్మనూ, అచ్చునూ కొలువుకు తీసుకుపోయారు. అక్కడ సింగారాచారి నా బొమ్మను చివర పట్టుకుని, చచ్చిన ఎలుకను చూపించినట్టు అందరికీ చూపిస్తున్నాడు.

"చూడండి! ప్రభువుల పుట్టుమచ్చ ఎడమ చెంపన ఉంది. ఇందులో కుడి చెంపన ఉంది. ఇది మన రాజుగారు కాదు, ఎవరో దారినపోయే దానయ్య!"

చెక్క మీద సరిగ్గా చెక్కింది కాగితం మీద తిరగబడుతుందని ఆ క్షణం దాకా నా బుర్రకు తట్టలేదు. అంతకుముందు అమ్మిన చిలక ఎటు తిరిగి ఉంటే ఎవరికి పట్టింది?

"ఇప్పుడైనా ఒప్పుకుంటావా?" గొణిగింది గురవమ్మ.

ఒప్పుకుంటే అచ్చులు పొయ్యిలోకి పోతాయి. నేను ముందుకు నడిచాను.

"ప్రభూ, తీర్పు ఆచారిగారే చెప్పేశారు. ముఖం మీది. మీరు ఒక్కసారి చూసి చెప్పండి."

రాజుగారు బొమ్మ అందుకున్నారు. కళ్ళు చిట్లించారు. పెద్దవి చేశారు.

"అచ్చం నాలాగే ఉందే! ఆచారి వేసిన పటం చూసినప్పుడల్లా ఏదో తేడాగా ఉంటుంది. ఇందులో అది లేదు."

"ప్రభూ, మచ్చ!" అన్నాడు ఆచారి.

రాజుగారు ఎడమ చెంప తడుముకుని తికమకపడ్డారు.

"అద్దం తెప్పించండి ప్రభూ" అన్నాను.

అద్దం వచ్చింది. ఒక చేత అద్దం, ఒక చేత నా బొమ్మ పట్టుకుని రాజుగారు అటూ ఇటూ చూశారు. మచ్చ రెండింట్లోనూ ఒకే వైపు ఉంది.

"అద్దంలో ఎవరికైనా తిరగబడే కనిపిస్తుంది ప్రభూ! మేమందరం చూసే ముఖం నా పటంలోది!" అని అరిచాడు ఆచారి.

నేను చేతులు కట్టుకున్నాను.

"నిజమే ఆచారిగారూ. మీరు వేసింది మనం చూసే రాజుగారిని. నేను చెక్కింది రాజుగారు చూసుకునే రాజుగారిని. బొమ్మ తనలాగే ఉండాలన్నది ఆయన కదా, మనం కాదే!"

కొలువు గొల్లుమంది. రాజుగారు నవ్వాపుకుని నావైపు వంగారు.

"నిజం చెప్పరా పోలయ్యా. కావాలనే ఇలా చెక్కావా?"

"లేదు ప్రభూ. పొరపాటే. తెలిసి చేసుంటే ఇంత బాగా కుదిరేది కాదు."

ఈసారి రాజుగారు సింహాసనం చెయ్యి చరుస్తూ నవ్వారు.

"గుమ్మం పక్క అంగడి నీదే! ఈ అచ్చు మాత్రం నాకు. నా గదిలో దీని బొమ్మే ఉంటుంది. జనం కోసం ఇంకోటి తిప్పి చెక్కు."

"ఎటు తిప్పాలో మాత్రం ఈసారి నన్నడగమనండి ప్రభూ!" అంది గురవమ్మ.

సింగారాచారి కూడా నవ్వేశాడు. నాకు కప్పడానికి తెచ్చిన పట్టు శాలువాను రాజుగారు నా భుజం మీదుగా దాటించి గురవమ్మకు కప్పించారు.