జంబయ్య తీర్పు, కర్రెమ్మ జీలుగు కల్లు

మన్యంలో వాగుకి రెండు పక్కలా పరుచుకున్న ఆ అడవిలో జంతువులు తిండి గురించి మాట్లాడుకున్నంతగా పులి గురించి కూడా మాట్లాడుకునేవి కావు. మాట్లాడుకోక ఏం చేస్తాయి! వాగు మలుపులో నీటికుక్క చిన్నమ్ములు చేపల పులుసు కాచేది. మూత తీసిందంటే ఒంటికాలి మీద నిలబడ్డ కొంగలు రెండో కాలు కూడా దించి అటే నడిచేవి. ఎర్రమట్టి దిబ్బ పక్కన అడవిపంది బుల్లబ్బాయి నిప్పుల్లో దుంపలు కాల్చి, పైన చింతచిగురు పొడి చల్లి, వేడివేడిగా ఆకులో పెట్టేవాడు. తిన్నవాళ్ళు ఎండుకట్టెలో, పండో, తేనెపట్టు ముక్కో తెచ్చి ఇచ్చేవాళ్ళు.

కల్లు దగ్గర ఇంకా పెద్ద గొడవ. పల్లంలో తాటి కల్లు, వాగు గట్టున ఈత కల్లు. "తాటి కల్లంటే తాటి కల్లే. ఎండ ముదరకముందు ముంత ఎత్తాలి" అని ఒకరంటే, "పోవయ్యా, ఈత కల్లు గొంతులోకి జారుతుంటే చెరుకు నమిలినట్టుంటుంది" అని ఇంకొకరు. ఎంతసేపు వాదించుకున్నా చివరికి అందరూ నక్క జంబయ్య వైపు తిరిగేవాళ్ళు.

జంబయ్య నీళ్ళరేవు దగ్గర బల్లపరుపు రాయి మీద కాలు మీద కాలేసుకుని కూర్చునేవాడు. "జంబయ్య బావా, ఇవాళ ఎక్కడ తిందాం?" అని అడిగితే కళ్ళు సగం మూసి, తోక ఓసారి ఆడించి, ఏదో దారిన పోతూ అన్నట్టు ఒక్క మాట అనేవాడు.

"చిన్నమ్ములు పులుసా? ఊఁ... ఈమధ్య చింతపండు కాస్త ఎక్కువవుతోంది."

అంతే. నాలుగు రోజులపాటు చిన్నమ్ములు పరిచిన విస్తళ్ళు ఎండి గాలికి ఎగిరిపోయేవి. అయిదోరోజు పొద్దున్నే ఆమె మంచి చేపముక్కలు ఏరి, ఆకులో చుట్టి, రాయి దగ్గరికి పట్టుకొచ్చేది. జంబయ్య తిని, మూతి తుడుచుకుని, "దారిలో పడింది" అనేవాడు. మధ్యాహ్నానికి మలుపులో కూర్చోడానికి చోటుండేది కాదు.

ఒక్క మాటతో పొయ్యి వెలిగించగలడు, ఒక్క మాటతో ఆర్పగలడు. అడవి అంతా ఆ నాలుకని చూసి ముక్కున వేలేసుకునేది.

ఆ ఏడు తొలకరి పడుతున్న రోజుల్లో పైకొండ నుంచి ఓ ముసలి ఎలుగుబంటి దిగివచ్చింది. పేరు కర్రెమ్మ. రెండేళ్ళ కిందటి కార్చిచ్చులో ఆమె ఉన్న చోటు, చెట్లు అన్నీ బూడిదైపోయాయి. అప్పట్నుంచి తిరిగి తిరిగి తేనెలమెట్ట మీద ఒక జీలుగు చెట్టు కనిపిస్తే అక్కడ ఆగింది. దాని కింద పొయ్యి పెట్టి, వెదురు బొంగుల్లో కొర్రబియ్యం, పుట్టగొడుగులు కూరి కాల్చడం మొదలుపెట్టింది. తెల్లవారుతూనే చెట్టెక్కి జీలుగు కల్లు దింపేది.

"మెట్టమీద ఎవరో ఎలుగుబంటి కొత్తగా బొంగన్నం, జీలుగు కల్లు పెట్టిందట. ఎలా ఉంటుంది బావా?" అని బుల్లబ్బాయి అడిగాడు.

జంబయ్య అక్కడికి వెళ్ళలేదు. ఆ మెట్ట మొహం కూడా చూడలేదు. కానీ అందరూ చెవులు నిక్కించి నిలబడి ఉన్నారు.

"ఎలుగుబంటి వంటకి ఎవరైనా కొండెక్కుతారా? బొంగులో అన్నమంటే పొగ కంపు. జీలుగు కల్లంటావా, పులుపు. దవడలు లాగేస్తాయి."

ఇంకెవరు ఎక్కుతారు? కర్రెమ్మ రోజూ బొంగులు కాల్చి, దారివంక చూసి, సాయంత్రానికి ఆ అన్నం చీమలకి పెట్టేది.

ఆరోరోజున అడవిదున్న సోములు లేత వెదురు పిలకలు వెతుక్కుంటూ మెట్టెక్కాడు. సోములు కొండంత మనిషి, మాట మాత్రం మెత్తన. ఎవరేం చెప్పినా "అలాగా" అనేవాడు.

"రా తమ్ముడూ" అంది కర్రెమ్మ. "వచ్చినవాడివి ఓ ముద్ద తిని పో."

ఆమె బొంగుని రాయికేసి తట్టి నిలువునా చీల్చింది. ఆవిరి లేచింది. కొర్రన్నం పసుపచ్చగా, ఒక్కో గింజా విడివిడిగా, వెదురు లోపలి పచ్చిదనం ఒంటికి పట్టించుకుని నిగనిగలాడుతోంది. సోములు ఓ ముద్ద తిన్నాడు. నమలడం ఆపేశాడు. మళ్ళీ మెల్లగా నమిలాడు. కర్రెమ్మ దొప్పలో జీలుగు కల్లు పోసి ముందు పెట్టింది. తాగాడు. దొప్ప కింద పెట్టి, ఎదురుగా ఉన్న కొండల్ని చూస్తూ ఉండిపోయాడు.

"ఏం తమ్ముడూ, బాగోలేదా?"

"ఉండక్కా. ఇంకా అవలేదు."

"బొంగు ఖాళీ అయిందిగా?"

"నోట్లో అవలేదు."

కర్రెమ్మ నవ్వింది. నవ్వుతూనే కళ్ళు ఒత్తుకుంది. "ఈ మాట వినిపించినవాడివి నువ్వొక్కడివే తమ్ముడూ. ఇంకో నాలుగు రోజులు చూసి గోదారి దాటి వెళ్ళిపోదామనుకుంటున్నాను. తినేవాళ్ళు లేనిచోట వండి ఏం చేసుకోను?"

"మరి కల్లు పులుపని, దవడలు లాగేస్తాయని జంబయ్య బావ చెప్పాడే!"

"పులుపా? పొద్దున దింపింది మధ్యాహ్నం దాకా ఉంచను. మిగిలితే పారబోస్తాను. ఇంతకీ ఆయన ఎప్పుడు తాగాడు? ఇక్కడికి నువ్వు తప్ప ఎవరూ రాలేదే!"

సోములు "అలాగా" అన్నాడు. కానీ కొండ దిగుతున్నంతసేపూ అదే ఆలోచన.

నీళ్ళరేవు దగ్గర అతన్ని చూసి అందరూ ఆశ్చర్యపోయారు. మొహం వెలిగిపోతోంది.

"ఏమైందన్నా?" అంది చిన్నమ్ములు.

"మెట్టమీద తిన్నానమ్మా. కల్లు తాగాను. ఎలా చెప్పను... తాగుతుంటే మా అమ్మ నా చెవి నాకినట్టనిపించింది."

జంబయ్య రాయి మీంచి నవ్వాడు. "గడ్డి తినేవాడికి రుచులేం తెలుస్తాయయ్యా సోములూ!"

"నాకు తెలీదు బావా, నిజమే" అన్నాడు సోములు, ఏ కోపమూ లేకుండా. "అందుకే నువ్వు రావాలి. రేపు పొద్దున అందరం వెళ్దాం. నువ్వు తాగి చెప్పు. బాగోలేదంటే నేను మళ్ళీ ఆ ఊసెత్తను."

"అవునవును, వెళ్దాం!" అని అందరూ గోల పెట్టారు. వద్దంటే ఎందుకు వద్దంటున్నాడని అడుగుతారు. జంబయ్య తల ఊపాడు. వెళ్ళాలని మాత్రం లేదు.

ఎందుకంటే అడవిలో ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. కర్రెమ్మ చెట్లని కాల్చిన ఆ కార్చిచ్చులోంచే జంబయ్య కూడా ప్రాణాలు దక్కించుకుని పరిగెత్తాడు. పొగ మింగాడు, నిప్పుగాలి పీల్చాడు. ముక్కు మాడిపోయింది. ఆరోజు నుంచి అతనికి వాసన లేదు, రుచి లేదు. చేప తిన్నా ఒకటే, మట్టి తిన్నా ఒకటే. అంతకుముందు అతని నాలుక నిజంగా గొప్పదే. అది పోయిందని ఒప్పుకునే ధైర్యం లేకపోయింది. ఎవరైనా తింటుంటే వాళ్ళ మొహాలు చూసేవాడు, పొదల చాటున వాళ్ళ మాటలు వినేవాడు, ఆ ఆధారం మీద తీర్పులు చెప్పేవాడు. ఏ ఆధారమూ దొరక్కపోతే బాగోలేదనేవాడు. బాగుందంటే ఎందుకు బాగుందని అడుగుతారు. బాగోలేదంటే ఎవరూ అడగరు.

మర్నాడు పొద్దున్నే అందరూ మెట్టెక్కారు. దారి మలుపులో పనసపండు ఒకటి రాలి, పగిలి, తొనలు పరిచి ఉంది. ఆ వాసనకి బుల్లబ్బాయి మూతి దానంతటదే అటు తిరిగింది. చిన్నమ్ములు ఆగిపోయింది. సోములైతే కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చాడు. జంబయ్య ఒక్కడే దాని పక్కనుంచి, ముక్కుపుటం కూడా కదలకుండా నడిచి వచ్చాడు.

మెట్టమీంచి కర్రెమ్మ ఇదంతా చూసింది. వాసన పట్టడంలో ఎలుగుబంటికి ఎవరు నేర్పాలి? 'నక్క అయ్యుండి పనసపండుని దాటిపోయాడంటే...' అనుకుంది. అంతే, పొయ్యి దగ్గరికి వెళ్ళి మూడు దొప్పలు తీసింది.

"రండి రండి. జంబయ్యగారూ, మీ పేరు పైకొండ దాకా వినిపించింది. ముందు మీరు రుచి చూడాలి. తరవాతే మిగతావాళ్ళకి పోస్తాను."

మూడు దొప్పలూ అతని ముందు పెట్టింది. మూడింట్లోనూ తెల్లగా, మసకగా, ఒకేలా ఉంది.

"ఏది ఏమిటో మీకు నేను చెప్పాలా!" అంది.

జంబయ్య చుట్టూ చూశాడు. మొహాలు చదువుదామంటే ఎవరూ తాగలేదు. అందరూ అతని మొహమే చూస్తున్నారు. మొదటి దొప్ప ఎత్తి గుటక వేశాడు. కళ్ళు సగం మూశాడు.

"తాటి కల్లు. పల్లంది. దింపి చాలాసేపయింది."

అబ్బ అని బుల్లబ్బాయి నోరు తెరిచాడు. జంబయ్యకి కాస్త ధైర్యం వచ్చింది. రెండోది ఎత్తాడు.

"ఇది ఈత కల్లు. పరవాలేదు. తీపి చివర్లో తెలుస్తుంది."

"అమ్మో, ఏం నాలుక!" అంది చిన్నమ్ములు.

మూడోది తాగి జంబయ్య మొహం చిట్లించాడు. "ఇదీ నీ జీలుగు కల్లు. నేను ముందే చెప్పాను కర్రెమ్మా, పులుపు. దవడలు లాగేస్తున్నాయి."

కర్రెమ్మ మూడు దొప్పల్లో మిగిలింది ఒక్కదాంట్లో పోసి సోములుకి అందించింది. "నువ్వు చూడు తమ్ముడూ."

సోములు నాలుక పెట్టాడు. అతని చెవులు రెండూ లేచాయి.

"అక్కా! ఇది కొర్రలు కడిగిన నీళ్ళు కదూ? నాకు చాలా ఇష్టం!"

"మూడు దొప్పలూ అదే" అంది కర్రెమ్మ. "కల్లు ముంతకి కట్టిన గుడ్డ నేనింకా విప్పనేలేదు."

ముందు తేరుకున్నది చిన్నమ్ములు. "మరి నా పులుసులో చింతపండు?" అంది. "నాలుగు రోజులు విస్తళ్ళ ముందు కూర్చుని ఏడ్చాను జంబయ్యా. చింతపండు తగ్గించాను. మళ్ళీ పెంచాను. నా చేతి మీద నాకే నమ్మకం పోయింది. అసలు నువ్వు తిన్నావా, లేదా?"

జంబయ్య తప్పించుకోడానికి అటూ ఇటూ చూశాడు. వెనక సోములు కొండలా నిలబడి ఉన్నాడు. తోక కాళ్ళ మధ్యకి వెళ్ళిపోయింది.

"తిన్నాను" అన్నాడు చివరికి. "నాకేమీ తెలియలేదు. కార్చిచ్చులో ముక్కు పోయింది. రెండేళ్ళయింది."

"ఆ మాట చెబితే ఏం పోయేది?" అన్నాడు బుల్లబ్బాయి.

"చెబితే నన్నెవరు అడుగుతారు బుల్లబ్బాయ్? రుచి ఎలాగూ లేదు. అడిగేవాళ్ళు కూడా లేకపోతే ఎలా బతకాలి?"

చిన్నమ్ములు మొహం తిప్పుకుంది. జాలి పడిందో లేదో తెలియదు గానీ, ఆరోజు అతనితో మాట్లాడలేదు.

కర్రెమ్మ బొంగులు చీల్చింది. గుడ్డ విప్పి అందరి దొప్పల్లోనూ కల్లు పోసింది. ఒకరి తరవాత ఒకరు తాగారు. గలగలలాడే బుల్లబ్బాయి మాట మర్చిపోయి దొప్పలోకి చూస్తూ కూర్చున్నాడు. చిన్నమ్ములు మీసాల మీంచి ఒక్కో చుక్కా నాకుతూ, "మన కొండలో ఇది ఉందా! ఇన్నాళ్ళూ ఇక్కడే ఉన్నామా మనం!" అని గొణిగింది. ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. మాట్లాడితే రుచి చెదిరిపోతుందేమోనని భయపడుతున్నట్టుంది వాళ్ళని చూస్తే.

కర్రెమ్మ ఓ దొప్ప జంబయ్య ముందు కూడా పెట్టింది. అతను తాగాడు. చల్లగా తగిలింది, జారిపోయింది. ఇంకేమీ లేదు. దొప్ప కింద పెట్టి, సోములు పక్కకి జరిగాడు.

"సోములన్నా, ఎలా ఉంది? నిజంగా చెప్పు."

సోములు ఇంకో గుటక వేశాడు. "ముందు లేత కొబ్బరినీళ్ళలా వస్తుంది. వెనకాల ఏదో పువ్వు వాసన. ఏ పువ్వో తెలీదు, వెతుక్కునేలోపే వెళ్ళిపోతుంది. అప్పుడు గొంతులో మెల్లగా వెచ్చబడుతుంది, వానలో తడిసొచ్చి పొయ్యి దగ్గర కూర్చున్నట్టు."

జంబయ్య కళ్ళు మూసుకుని విన్నాడు. అయిపోయాక, "ఆ పువ్వు సంగతి ఇంకోసారి చెప్పవూ" అన్నాడు.

నీతి: తన నాలుకకి తెలియని రుచి మీద తీర్పు చెప్పేవాడు ముందు ఎదుటివాళ్ళ పొయ్యి ఆర్పుతాడు, ఆ తరవాత తన పరువు పోగొట్టుకుంటాడు.