గుబురయ్య వెండి పడవ

అనగనగా ఒక చలి సముద్రం. అలాంటి ఇలాంటి చలి కాదు. అక్కడ తుమ్మితే తుమ్ము గడ్డకట్టి కాలి మీద పడేది. నవ్వకండి, నిజంగానే పడేది. ఆ సముద్రం ఒడ్డున ఒక రేవులో గుబురయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. అతనికి ఒక చిన్న పడవ, ఒక వల, భార్య బొద్దమ్మ, ఇద్దరు పిల్లలు. పడవలో తోడుగా ముత్యాలు అనే నీటికుక్క వెళ్లేది. చేపలు పట్టడం, రేవులో అమ్మడం, అదే వాళ్ల బతుకుతెరువు.

ఎలుగుల సంగతి మీకు తెలుసుగా? చలికాలం రాగానే కడుపునిండా తిని పడుకుంటే, మళ్లీ ఎండలు వచ్చాకే లేస్తాయి. కడుపు నిండకపోతే నిద్ర పట్టదు. అందుకే చలికాలం ముందు చేసే ఆఖరి వేట గుబురయ్యకి ప్రాణంతో సమానం. ఆ వేటలో పడిన చేపలే ఇంటిల్లిపాదికీ నిద్ర.

ఆ రేవులో ఒక ఆనవాయితీ ఉంది. అక్కడ అల చింది పడవ మీద పడితే చాలు, మంచై కూర్చుంటుంది. దాన్ని చెక్క సుత్తులతో కొట్టుకుంటూ రావాలి. లేకపోతే బరువుకి పడవ బోర్లా పడుతుంది. దూరం నుంచి ఠపఠపమని చప్పుడు వినిపించగానే, "మనవాళ్లు వచ్చేస్తున్నారు" అని ఇళ్లలో పొయ్యిలు వెలిగించేవాళ్లు.

ఆ ఏడు ఆఖరి వేటకి గుబురయ్య, ముత్యాలు బయల్దేరారు. చేపలు ఏ కళనున్నాయో ఏమో, వల వేయడమే ఆలస్యం, ఎగబడి పడ్డాయి. పడవ నిండింది. తిరుగుముఖం పట్టారు.

దారిలో గాలి లేచింది. నీళ్లు ఎగిరి పడవ మీద పడ్డాయి. పడ్డవి పడ్డట్టే గడ్డకట్టాయి. అప్పుడే మబ్బు తొలగి ఎండ కాసింది. పడవ తళతళ మెరిసింది.

గుబురయ్య నోరు తెరుచుకుని ఉండిపోయాడు. పాపం, అతని పడవకి రంగు ఊడిపోయి ఏళ్లయింది. రేవులో అందరూ "గజ్జి పడవ" అని ఏడిపించేవాళ్లు. పైకి నవ్వేసేవాడు కానీ, లోపల చాలా బాధపడేవాడు.

ముత్యాలు సుత్తి తీసింది. "అన్నా, నువ్వు అటు కొట్టు, నేను ఇటు కొడతా."

"ముట్టుకున్నావంటే ఊరుకోను," అన్నాడు గుబురయ్య. "ఇది వెండి పడవ. రేవులో అందరూ కళ్లారా చూశాక కొట్టుకుందాం."

అని సుత్తులు రెండూ లాక్కుని వాటి మీద కూర్చున్నాడు. ఎలుగుబంటి కింద ఉన్న సుత్తిని ఎవరు తీయగలరు, మీరే చెప్పండి.

పడవ వెనకాలే నున్నయ్య అనే సీల్ ఈదుకుంటూ వస్తున్నాడు. చేపల వాసనకి వాడి మీసాలు నిలబడ్డాయి. "పడవంటే మీదండీ, గుబురయ్యగారూ. మహారాజులకి కూడా ఉండదు," అన్నాడు. గుబురయ్య ఉబ్బి తబ్బిబ్బయ్యాడు.

మంచు మందమైంది. పడవ కాస్త దిగబడింది.

"అన్నా, మునుగుతున్నాం," అంది ముత్యాలు.

"బరువు తగ్గాలి, అంతేగా?" అని గుబురయ్య లంగరు తీసి నీళ్లలో పడేశాడు.

"నేను ఇనుము తిననే," అని నున్నయ్య గొణుక్కున్నాడు. పైకి మాత్రం, "ఇప్పుడింకా మెరుస్తోందండీ," అన్నాడు.

మంచు ఇంకా పేరుకుంది. ఈసారి గుబురయ్య వల విసిరేశాడు.

"అయ్యో, రేపు దేంతో పడతావన్నా?"

"రేపు నిద్రపోతాం కదే, వలెందుకు?"

"లేచాకో?"

నున్నయ్య వలలోంచి తల పీక్కుని, "అబ్బ, పెళ్లికూతురిలా ఉందండీ మీ పడవ," అన్నాడు.

మూడోసారి నీళ్లు పడవ అంచుదాకా వచ్చాయి. ఇక మిగిలినవి రెండే. పైన మంచు, కింద చేపలు. గుబురయ్యకి పిల్లలు గుర్తొచ్చారు.

ముత్యాలు చేతులు జోడించింది. "అన్నా, ఒక్కసారి లే. సుత్తి నేను కొట్టుకుంటా."

లేవబోయాడు కూడా. అంతలో నున్నయ్య, "రేవు దగ్గరపడుతోందండీ. ఇక గజ్జి పడవ అనే నోళ్లు మూతపడతాయి," అన్నాడు.

అంతే. గుబురయ్య కూర్చున్నచోటి నుంచే రెండు చేతులా చేపల్ని వెనక్కి తోడిపోశాడు. నున్నయ్య ఒక్కటి కూడా వృథా పోనివ్వలేదు. చివరికి, "చాలండీ, ఇక పట్టదు," అని త్రేన్చి, వెల్లకిలా తేలుకుంటూ తన దారిన పోయాడు. వాడితోపాటే పొగడ్తలూ పోయాయి.

కింద బరువు పోయి పైన బరువు మిగిలితే పడవ ఊరుకుంటుందా? ఎడమకి వాలింది. గుబురయ్య లేచి కుడివైపు వేలాడాడు. కుడికి వాలింది. ఎడమకి పరిగెత్తాడు. సందు చూసి ముత్యాలు సుత్తి అందుకుని ఒక్క దెబ్బ వేసింది. మంచు విరగలేదు, సుత్తి పిడి విరిగింది. రెండో సుత్తి ఆ ఊపుకి నీళ్లలోకి జారిపోయింది.

అలా ఊగుతూ తూగుతూ రేవులోకి వచ్చారు. సుత్తి చప్పుడు లేదు కాబట్టి ఎవరూ పొయ్యి వెలిగించలేదు. కానీ ఎవరో "అబ్బో, ఏంట్రా ఆ మెరుపు" అనగానే ఊరంతా ఒడ్డుకొచ్చింది. గుబురయ్య మురిసిపోయి చెయ్యెత్తి ఊపాడు. పడవ మెల్లగా, తీరిగ్గా, అందరూ చూస్తుండగా బోర్లా పడింది.

మంచు పెళ్లలు పెళ్లలుగా ఊడిపోయింది. పడవ మళ్లీ వెల్లకిలా తిరిగి తేలింది, అదే ఊడిన రంగుతో. పక్కనే గుబురయ్య తల తేలింది.

"అన్నా," అంది ముత్యాలు ఈదుతూ, "మంచు పోయిందిలే."

బొద్దమ్మ పడవలోకి తొంగి చూసింది. "చేపలేవి?" అంది.

"మెరిసినప్పుడు చూశావా?" అన్నాడు గుబురయ్య చిన్న గొంతుతో.

ఆమె వెనక్కి తిరిగి పిల్లల దగ్గరికి నడిచింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది అతనికి.

ఆ చలికాలం గుబురయ్య నిద్రపోలేదు. వల లేదు కాబట్టి వేటా లేదు. చలికాలం నిద్రపోని మిగతావాళ్లు మాత్రం వేటకి వెళ్తూనే ఉండేవాళ్లు. తిరిగొచ్చే ప్రతి పడవకీ ఎదురెళ్లి, సుత్తితో మంచు కొట్టిపెట్టేవాడు. పడవకో చేప ఇచ్చేవాళ్లు. అది తెచ్చి పిల్లల నోట్లో పెట్టేవాడు. వాళ్లు తిని కాసేపు కునికేవాళ్లు. ఠపఠప చప్పుడు వినిపించగానే సగం నిద్రలో లేచేవాళ్లు.

"అమ్మా, పొయ్యి వెలిగించు. నాన్న పడవ వస్తోంది."

"పడుకోండి నాన్నా," అనేది బొద్దమ్మ. "అది ఊళ్లోవాళ్ల పడవ."

నీతి: నలుగురి మెప్పు కోసం ఇంటి తిండిని నీళ్లపాలు చేస్తే, మెప్పూ నిలవదు, కడుపూ నిండదు.