గట్టెమ్మ నెగడు

అనగనగా మూడు కొండల నడుమ ఒక అడవి. ఆ అడవిలో ఒక పాత చెదపుట్ట. ఆ పుట్టలో గట్టెమ్మ అనే ఉడుము కాపురముండేది. ఆమెకు అనుమానం జాస్తి. సూర్యుడు తూర్పున పొడిస్తే, "రోజూ అటునుంచే ఎందుకొస్తున్నాడో" అని ఓరకంట చూసే రకం. నా మాట నమ్మకపోతే ఆ అడవిలో ఎవరినైనా అడగండి పిల్లలూ. అందరూ ఆమె గురించి చెప్పడానికి తీరిగ్గానే ఉంటారు.

ఆ అడవి జంతువులకు నిప్పు రాజెయ్యడం తెలుసు. ఎలుగుబంటి బొంతయ్య ఇప్పపూలు ఆరబెట్టడానికి మంట వేసేవాడు. ఆరిన పూలతో ఏం చేసేవాడో మనకెందుకు. అడవిపంది ముట్టెయ్య దుంపలు కాల్చేవాడు. తిన్నవాటికన్నా మాడ్చినవే ఎక్కువ. కుందేలు తెల్లమ్మ దోమల కోసం పొగ వేసేది. దోమలు పోయాయో లేదో గాని, ఇంటికొచ్చిన చుట్టాలు మాత్రం త్వరగా పోయేవారు. గట్టెమ్మేమో పుట్ట ముందు పగలూ రేయీ ఆరని నెగడు పెట్టుకుంది. ముంగిస వచ్చి గుడ్లు ఎత్తుకుపోతుందని ఆమె అనుమానం. ఈ ఒక్కటి మాత్రం నిజమే. ముంగిస అలాంటిదే.

ఆ మంటల పొగంతా కొండల మధ్య నిలిచిపోయి దుప్పటిలా కప్పుకుంది. పగలు కాసిన ఎండ వేడి కూడా దాని కిందే ఉండిపోయేది. వాగు ఏటేటా ముందుగా ఎండుతోంది. పోయిన వేసవిలో గట్టెమ్మ పెట్టిన గుడ్లలో ఒక్కటీ పిల్ల కాలేదు. పుట్టలోనే ఉడికిపోయాయి. గట్టెమ్మ చెదపురుగుల్ని అనుమానించింది. చెదపురుగులు పాపం చాలాకాలం ఆమెతో మాట్లాడలేదు.

ఈ ఏడు ఆమె మళ్లీ గుడ్లు పెట్టింది.

అప్పుడే మృగరాజు సభ పెట్టాడు. సింహం సభకు ఎవరైనా ఒకటే చూసుకుని వెళ్తారు, సింహం కడుపు నిండిందా లేదా అని. నిండిందని తెలిశాక అందరూ వచ్చారు. మంత్రి ఏనుగు తాత లేచి కొత్త చట్టం చదివాడు.

"ఇకమీదట అడవంతటికీ ఒకటే చట్టం. ఈ వేసవి నుంచి ఎవరి మంట వాళ్లు సగానికి తగ్గించాలి. వచ్చే వేసవికి పూర్తిగా ఆర్పాలి. పూలు బండ మీద ఎండలో ఆరతాయి. దుంపలు కాగిన ఇసుకలో మగ్గుతాయి. కాపలా కావాలన్నవాళ్లకు గాలికి టకటకలాడే వెదురు గిలకలు ఇస్తాం. ఊరికే ఇస్తాం."

ఊరికే అనగానే గట్టెమ్మ మెడ నిక్కింది.

"ఇందులో నీకేం లాభం తాతా?" అంది.

"ఒళ్లు పెద్దది తల్లీ. ఉక్కంతా నాకే పోస్తోంది," అన్నాడు ఏనుగు.

తరువాత గొంతు తగ్గించి, దగ్గు వచ్చినట్టు దగ్గి, చివరి మాట చదివాడు. "మృగరాజు గుహకు మాత్రం ఈ చట్టం వర్తించదు. అతిథులొస్తుంటారు గనక."

అందరూ నేల చూశారు. గట్టెమ్మ చూడలేదు.

"అదేంటి ప్రభూ? మీ పొగ పొగ కాదా?"

సింహం ఆవలించాడు. "నీ నెగడు తగ్గించావా?"

"చట్టం ఇప్పుడేగా చదివారు."

"తగ్గించాక వచ్చి అడుగు," అని తోక విదిలించి లోపలికి పోయాడు.

గట్టెమ్మ ఇంటికొచ్చి, సభలో ఇచ్చిన వెదురు గిలకను అటూ ఇటూ తిప్పింది. ఒక కన్ను మూసి దాని తొర్రలోకి చూసింది. లోపల ఎవరూ లేరు. లేకపోవడం మరీ అనుమానంగా తోచింది. దాన్ని పుట్ట వెనక పడేసి, "ఆయన ఆర్పిన రోజు నేనూ ఆర్పుతా," అని నెగడులో ఇంకో దుంగ వేసింది.

రోజులు గడిచాయి. ఉక్క తగ్గలేదు. కొండల మీద పొగ అలాగే ఉంది. 'సభలో అందరూ తలలూపారు కదా, మరి ఈ పొగ ఎవరిది?' అనుకుంది గట్టెమ్మ. దొంగల్ని పట్టడానికి బయలుదేరింది. తన సంగతి దొంగల్లో కలపలేదు. అలా కలుపుకునేవాళ్లను నేనింతవరకు చూడలేదు.

మొదట ఎలుగుబంటి ఇంటికి వెళ్లింది. మంట నిక్షేపంగా ఉంది.

"ఏం తమ్ముడూ, చట్టం గుర్తులేదా?"

బొంతయ్య కళ్లు నులుముకున్నాడు. "ఉందక్కా. కానీ ఆ ముట్టెయ్య ఆర్పాడా? రోజూ అటే చూస్తున్నా. వాడు ఆర్పితే నేనూ ఆర్పుతా."

అక్కణ్నుంచి అడవిపంది దగ్గరకు వెళ్లింది. దుంపలు మాడుతున్నాయి.

"ఏం మామా, ఇదేం పని?"

"నన్నంటావేంటి కోడలా," అన్నాడు ముట్టెయ్య. "ఆ తెల్లమ్మ పొగ చూడు. అరచేతిలో పట్టేంత కుందేలు, ఎంత పొగ. అది మానితే నేను మాననా?"

చివరికి కుందేలు బొరియకు వెళ్లింది. తెల్లమ్మ పొగలో కూర్చుని దగ్గుతోంది.

"అందరూ నిన్నే అంటున్నారు వదినా. నువ్వు మానితే ముట్టెయ్య మానతాడట. ముట్టెయ్య మానితే బొంతయ్య మానతాడట. నువ్వెవరి కోసం చూస్తున్నావు?"

తెల్లమ్మ చెవులు దించుకుంది. "చెబితే ఏమీ అనుకోవుగా?"

"చెప్పు."

"నీ కోసమే వదినా. గట్టెమ్మ అంత తేలిగ్గా దేన్నీ నమ్మదు, ఆమె నెగడు ఆర్పిందంటే ఈ చట్టంలో మోసం లేనట్టేనని పొద్దున్నే లేచి నీ పుట్ట వైపే చూస్తున్నా. రోజూ పొగ వస్తూనే ఉంది."

గట్టెమ్మ తన పుట్ట మీద లేస్తున్న పొగ వైపు చూసింది. "నేను మృగరాజు కోసం చూస్తున్నా," అంది.

"ఆయనెవరి కోసం చూస్తున్నాడో మరి," అని తెల్లమ్మ మళ్లీ దగ్గింది.

గట్టెమ్మ తిన్నగా ఇంటికొచ్చింది. దారిలో ఎవరినీ అనుమానించలేదు. అది చూసి ఒంట్లో బాగాలేదేమోనని కాకులు చెప్పుకున్నాయి. పుట్ట మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. ఆదరాబాదరా మట్టి తవ్వింది. పైనున్న గుడ్లు ఎత్తి చెవి దగ్గర పెట్టుకుంది. కదలిక లేదు. అడుగునున్న వాటిలో మాత్రం సన్నగా ఏదో మెదిలింది.

ఆమె ఎవరివైపూ చూడలేదు. మట్టి తోసి నెగడు కప్పేసింది. పుట్ట వెనకనుంచి గిలక తెచ్చి కొమ్మకు కట్టింది. సాయంత్రం గాలికి అది టకటకమంది. పొదలో పొంచి ఉన్న ముంగిస ఉలిక్కిపడి పారిపోయింది. గట్టెమ్మ కూడా ఉలిక్కిపడింది గాని, ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. నాకెలా తెలిసిందంటారా, చెదపురుగులు మళ్లీ మాట్లాడటం మొదలుపెట్టాయి కదా.

మర్నాడు పుట్ట మీద పొగ లేకపోవడం చూసి తెల్లమ్మ తన పొగ ఆర్పింది. అది చూసి ముట్టెయ్య. అది చూసి బొంతయ్య, కొంచెం ఆలస్యంగా.

తరువాతి సభకు గట్టెమ్మ అందరికన్నా ముందు వచ్చింది.

"నా నెగడు ఆరింది ప్రభూ. అడగమన్నారు, అడుగుతున్నా. మీ గుహ పొగ సంగతేంటి?"

సింహం అతిథుల మాట ఎత్తాడు. గట్టెమ్మ వదల్లేదు. ఆవలించాడు. వదల్లేదు. గర్జించాడు. గర్జన అయ్యేదాకా ఆగి, మళ్లీ అదే అడిగింది. ఈసారి ఆమె వెనక బొంతయ్య, ముట్టెయ్య, తెల్లమ్మ వచ్చి నిలబడ్డారు. ఒక్కరి ఇంటిమీదా పొగ లేదు. సింహం ఏనుగు వైపు చూశాడు. ఏనుగు తాత చివరి మాట కొట్టేశాడు. ఈసారి దగ్గలేదు.

వానలు వచ్చాయి. పొగ ఒక్కరోజులో పోలేదు, కానీ పల్చబడింది. చాలా ఏళ్ల తరువాత కొండల అవతలి ఆకాశం కనిపించింది. అడుగు గుడ్లలోంచి పిల్లలు బయటికొచ్చాయి. పై గుడ్లను గట్టెమ్మ చింతచెట్టు కింద పూడ్చిపెట్టింది.

పిల్లల్లో చిన్నది బయటికి రాగానే నెగడు ఉన్నచోటికి వెళ్లింది. బూడిద కలిసిన మట్టిని నాలుకతో తాకి చూసింది. తల్లి వైపు ఓరకంట చూసింది.

"నిజంగానే ఆర్పావా అమ్మా?"

"మట్టి తవ్వి చూసుకో," అంది గట్టెమ్మ, ఎంతో మురిసిపోతూ.

నీతి: చట్టాన్ని అనుమానించి ప్రశ్నించడం తప్పు కాదు. ఎదుటివాడు ఆర్పేదాకా నా మంట ఆర్పనని కూర్చుంటే మాత్రం, ముందు ఉడికిపోయేది మన పిల్లలే.