వీరబాబుకి చెప్పాల్సిన మాట

పెసరపాటి వారింట్లో తెలివికి కరువు లేదు. ఎవరేం చెప్పినా అక్షరం తేడా రాకుండా చేసేవాళ్ళు ఊరు మొత్తం మీద తామేనని సత్తెమ్మ నమ్మకం.

ఆవిడ మనవడు వీరబాబుకి పద్నాలుగేళ్ళు. ఉన్నట్టుండి వాడి గొంతు కప్ప అరిచినట్టయింది. మొహాన మొటిమలు, పెదవి మీద నూగు. వాడు అన్నం మానేసి, "నాకేదో జబ్బు చేసింది నాన్నమ్మా, చచ్చిపోతానా?" అన్నాడు. అంతే, సత్తెమ్మ కొడుకు లోవరాజునీ కోడలు నూకరత్నాన్నీ వెంటేసుకుని ఊరి ఆసుపత్రి నర్సమ్మ దగ్గరికి పరిగెత్తింది.

నర్సమ్మ నవ్వింది. "జబ్బు కాదు, వయసు. మగపిల్లాడికి కన్నవాళ్ళే చెప్పాలి. ఒంటరిగా కూర్చోబెట్టి, అర్థమయ్యేదాకా చెప్పండి."

ఇంకేముంది, వీరబాబుని గదిలో కూర్చోబెట్టారు. నూకరత్నం వాడి పక్కన కూర్చోబోతే సత్తెమ్మ రెక్క పుచ్చుకుని లాగింది.

"నువ్వూ కూర్చుంటే వాడు ఒంటరెలా అవుతాడే?"

"నిజమే అత్తా. మీరుండబట్టి సరిపోయింది."

తలుపు గొళ్ళెం పెట్టారు. వాడు కిటికీలోంచి చూశాడు. చూపులు కలిస్తే తోడున్నట్టే కదా, కిటికీ కూడా మూశారు. లోవరాజు తలుపు బయట నిలబడి మొదలెట్టాడు. ఫ్యాను మోతలో వినపడట్లేదని లోపల్నించి కప్ప గొంతు. అంతే, లోవరాజు వీధిలో పోతున్న ఉల్లిపాయల ఆటోని ఆపి మైకు పుచ్చుకున్నాడు.

"ఒరే వీరబాబూ, ఈ వయసులో గొంతు మారుతుందిరా. మీసమొస్తుంది. చంకల్లో వెంట్రుకలొస్తాయి. ఊరికే కోపం, ఊరికే ఏడుపు. నాకూ వచ్చాయి. జబ్బు కాదు."

వీధి వీధంతా గుమ్మాల్లోకొచ్చింది. "సిగ్గు లేదూ వీళ్ళకి" అని పెద్దవాళ్ళు చెవులు మూసుకున్నారు. ఆటో చుట్టూ చేరిన తమ మగపిల్లల్ని మాత్రం ఒక్కరూ లోపలికి పిలవలేదు. చెప్పే పని తప్పిందిగా.

లోపల వీరబాబు ప్రాణం కుదుటపడింది. "మరి నీకెవరు చెప్పారు నాన్నా?" అని అరిచాడు.

"ఎవరూ చెప్పలేదురా. ఏడాదిపాటు చచ్చిపోతాననుకుంటూ తిరిగాను."

సత్తెమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి. కన్నవాళ్ళే చెప్పాలందిగా నర్సమ్మ. లోవరాజుని కన్నది తనేగా. వాడి గొంతు మారి ముప్పయ్యేళ్ళయినా ఆ ఒక్క మాట చెప్పనేలేదు. ఇంకేముంది, గొళ్ళెం తీసి మనవణ్ణి బయటికి లాగింది. బట్టతల కొడుకుని లోపలికి తోసి, మళ్ళీ గొళ్ళెం పెట్టి, మైకందుకుంది.

"ఒరే లోవరాజూ, భయపడకు నాయనా. నీకు త్వరలో మీసమొస్తుంది."