చెట్టును పడుకోబెట్టిన కోనయ్య

అనగా అనగా, అడవి ఇంకా ఊళ్ళ గడపల దాకా ఉన్న రోజుల్లో, ఒక రాజు ఉండేవాడు. ఆయనకు ఒక్కగానొక్క కూతురు, పేరు చంపకవల్లి. ధూమ్రకేశుడనే మాంత్రికుడు ఆమెను పెళ్ళాడతానని వచ్చాడు. ఆమె ఛీ పొమ్మంది. పొమ్మంటే పోయే రకమా వాడు! శాపం పెట్టాడు. ఆ రోజు నుంచి ఆ పిల్ల పాదాల దగ్గర మొదలై రోజుకో అంగుళం చెక్కగా మారిపోతోంది. చెక్క గుండెకు చేరితే ఇక ఆమె బొమ్మే.

వాడి పొగరు చూడండి, తన ప్రాణం ఏడు వాగుల అవతల, ముసలి మద్దిచెట్టు తొర్రలో, చిలకపిల్లలో ఉందని, చేతనైతే తీసుకోమని చెప్పి మరీ వెళ్ళాడు. ఎక్కబోతే ఆ చెట్టు ఇంకా పొడుగు సాగుతుంది. నరకబోతే చిలకపిల్ల బెదిరి కీచుమంటుంది, కీచుమనగానే గాటు పూడిపోతుంది. ముగ్గురు రాకుమారులు వెళ్ళారు. ముగ్గురూ అరచేతులు బొబ్బలెక్కి తిరిగొచ్చారు.

ఆ రాజ్యంలో చెట్లు కొట్టి బతికే కోనయ్య అనేవాడు ఉన్నాడు. కోటకు దూలాలు తెచ్చినప్పుడు కిటికీలో చంపకవల్లిని చూశాడు. కదలలేక, ఎగిరే పిట్టల్ని చూస్తూ నిలబడి ఉంది పాపం. ఆ పూట నుంచి కోనయ్యకు ముద్ద దిగలేదు. గొడ్డలి, మోకు భుజాన వేసుకుని ఏడు వాగులూ దాటాడు.

దాటి ఏం చేశాడనుకున్నారు? గొడ్డలి కిందపెట్టి చెట్టు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. కొమ్మల బరువు ఎటుంది, గాలి ఎటుంది, చెట్టు ఒరిగితే తను ఎటు పరిగెత్తాలి, అన్నీ చూసుకోనిదే అతనివాళ్ళు గొడ్డలి ఎత్తరు. గూట్లో పిల్లలుంటే అవి ఎగిరిపోయేదాకా ఆ చెట్టు ముట్టనే ముట్టరు. తొర్రలో మూడు పిల్లలున్నాయి. కోనయ్య కూర్చున్నాడు.

ఒక గోరింక రోజూ కోటకు పోయి కబురు తెచ్చేది. చెక్క మోకాళ్ళ దాకా వచ్చిందంది. ఒక పిల్ల ఎగిరింది. నడుము దాకా వచ్చిందంది. రెండో పిల్ల ఎగిరింది. ఇక గుండెకు నాలుగంగుళాలే ఉందంది. మూడోది కదల్లేదు.

అప్పుడు తల్లిచిలక దిగొచ్చింది. “అది నా పిల్ల కాదు నాయనా. మా అమ్మమ్మ నాటి నుంచీ మేపుతున్నాం, రెక్కలు రావు, ఎగరదు. గూడున్న చెట్టు మీరు కొట్టరని తెలిసే ఆ మాంత్రికుడు దాన్ని ఇక్కడ పెట్టాడు” అంది.

కోనయ్యకు ఏడుపొచ్చింది. చెట్టు కూలితే ఆ పసిది నుజ్జయిపోతుంది. కూలకపోతే చంపకవల్లి చెక్కయిపోతుంది. ఒకరి కోసం ఒకరిని చంపడం అతని వల్ల కాదు. చెట్టుకు చెయ్యి ఆనించి తల్లిచిలక వైపు తిరిగాడు.

“నేను కూల్చను తల్లీ, పడుకోబెడతాను. నువ్వు దాన్ని రెక్క కింద పెట్టుకుని నిద్రపుచ్చు” అన్నాడు.

ఒకరోజంతా ఎండుగడ్డి, ఆకులు మోసి నిలువెత్తు పరుపు వేశాడు. రెండోరోజు పక్కచెట్లకు మోకులు బిగించాడు. మూడోరోజు, తెల్లటి మంచులో, మెల్లగా గాటు పెట్టాడు. పిల్ల కదిలితే ఆగాడు, ఊపిరి బిగబట్టాడు. నిద్రపోతే మళ్ళీ కొట్టాడు. మధ్యాహ్నానికి చెట్టు ఒరిగింది. మోకులు మూలిగాయి. ఉయ్యాల దించినట్టు అంత చెట్టూ గడ్డి మీదకు దిగింది, పిల్ల మేలుకోనైనా లేదు.

ధూమ్రకేశుడు పొగలా ఊడిపడ్డాడు. దాని మెడ విరవొద్దని, రాజ్యాలిస్తానని కాళ్ళావేళ్ళా పడ్డాడు. కోనయ్య వాడివైపు చూడనైనా లేదు. పిల్ల కళ్ళు నులుముకుని తొర్రలోంచి తొంగిచూసింది. ముక్కు కిందే నేల! ఇన్నేళ్ళూ దానికి ఆ ఎత్తంటేనే భయం, నేలను దాని దగ్గరికి తెచ్చినవాళ్ళే లేరు. ఒక గెంతు గెంతింది. ఇంకో గెంతుకు ఈకలొచ్చాయి, పిల్లతోపాటు ఆగిపోయిన వయసు మీదపడి మాంత్రికుడి జుట్టు నెరిసింది. మూడో గెంతుకు రెక్కలొచ్చాయి, వాడి నడుము వంగింది. పిల్ల ఆకాశంలోకి లేచేసరికి వాడు గుప్పెడు పొగై కరిగిపోయాడు.

కోటలో చంపకవల్లికి గుండె దగ్గర వెచ్చగా అయింది. నడుము వచ్చింది, మోకాళ్ళు వచ్చాయి, వేళ్ళు వచ్చాయి. ఆమె నడవడం మొదలుపెట్టింది, ఇక ఆగితేనా! కోనయ్యకు ఎదురు నడిచింది. పెళ్ళినాడు పీటల మీద కూర్చోమంటే, ఇన్నాళ్ళు కదలకుండా ఉన్నది చాలు, నేను కూర్చోనంది. చేసేదిలేక పురోహితుడు వెనకాలే పరిగెడుతూ మంత్రాలు చదివాడు. కోనయ్య ఆమె పక్కన నడుస్తూ నడుస్తూనే తాళి కట్టాడు. ఆ ఇద్దరూ నిండు నూరేళ్ళు రాజ్యమేలారు, ఒక్కరోజైనా సింహాసనం మీద కుదురుగా కూర్చోకుండా.