సొరంగంలో గుడ్డబొమ్మ

అనగనగా బొగ్గు తవ్వే ఓ ఊళ్ళో సుగుణ అని ఒక పిల్ల ఉండేది, బిడ్డా. తొమ్మిదో తరగతి చదివేది. వాళ్ల నాన్న గనిలో పనిచేసేవాడు. ఒకనాడు గని పైకప్పు కూలింది. తోటివాళ్లంతా చేతులు చీరుకుపోయేలా తవ్వారు. బయటికి తీసేసరికి ఆయనకు ఊపిరి లేదు.

ఆ తర్వాత సుగుణ మాట్లాడడం తగ్గించేసింది. వాళ్లమ్మ కలిపి పెడితే తినేది, లేకుంటే లేదు.

అప్పుడు బళ్లో సైన్సు టీచరమ్మ చెప్పింది, పట్నంలో పిల్లల రోబోల పోటీ పెడుతున్నారని. చెక్కలతో చీకటి సొరంగం కడతారట. అందులో ఓ గుడ్డబొమ్మను పడేస్తారట. పిల్లలు చేసిన రోబో లోపలికి పాకి, దాన్ని బయటికి లాక్కురావాలట.

సుగుణ తలెత్తింది. "నేను చేస్త టీచర్" అంది. స్నేహితురాలు నజీమాను తోడు పెట్టుకుని చేసింది కూడా.

పోటీకి వెళ్లారు. బస్సు కుదుపులకు రోబో చక్రం విరిగింది. దాన్ని అతికించేలోపు తీగ తెగింది. తీగ కలిపితే బ్యాటరీ ఉబ్బి వేడెక్కింది. నజీమా బల్ల కింద కూర్చుని ఏడ్చింది. "పోదాం పదవే. అందరూ మననే చూస్తున్నరు." సుగుణ కదల్లేదు.

పక్క బల్ల హేమలత అనే పెద్దపిల్ల జట్టుది. ఏటేటా కప్పు గెలిచే జట్టు. హేమలత వచ్చి బ్యాటరీ చూసింది. "దూరం జరుగు చెల్లీ, ఇది అంటుకుంటుంది!" అని దాన్ని ఇసుక బకెట్లో పడేసింది. ఆ తర్వాత తమ పెట్టెలోంచి చక్రం తెచ్చి వేసింది. తీగ అతికించింది. చివరికి తమ రెండో బ్యాటరీ కూడా ఇచ్చేసింది.

"మరి మనకో?" అన్నాడు వాళ్ల జట్టు వంశీధర్.

"ఉన్నది చాల్లే" అంది.

చాల్లేదు, బిడ్డా. వాళ్ల రోబో సొరంగం మధ్యలో ఆగిపోయింది. వంశీధర్ మొహం తిప్పుకున్నాడు.

అప్పుడు సుగుణ వంతు వచ్చింది. రోబో పాకింది, బొమ్మను పట్టుకుంది, వెనక్కి వస్తూ ఓ చెక్క కింద ఇరుక్కుంది. గంట మోగింది.

"టైమైపోయింది. చెయ్యి పెట్టి తీసెయ్యండి" అన్నాడు జడ్జి.

"వద్దు సార్!" అని అరిచింది సుగుణ. "మా నాయిన గూడ..." గనిలో జరిగింది నజీమాయే చెప్పింది.

"మార్కులు వెయ్యకండి సార్. ఆ పిల్లను తియ్యనివ్వండి" అంది హేమలత. జడ్జి తలూపాడు.

అప్పుడు హేమలత నేలమీద బోర్లా పడుకుని, చెక్కల సందులోంచి చూస్తూ, రిమోట్ పట్టుకున్న సుగుణకు చెప్పింది. "కొంచెం ఎడమకి... ఆగు... ఇప్పుడు రా." ఒకసారి బొమ్మ జారింది. రెండోసారీ జారింది. వంశీధర్ వచ్చి ఫోన్ లైటు పట్టాడు. మూడోసారికి రోబో బొమ్మను ఈడ్చుకుంటూ వెలుతుర్లోకి వచ్చింది.

సుగుణ బొమ్మను ఒళ్లో పెట్టుకుని, దాని మొహం మీది దుమ్ము చున్నీతో తుడిచింది. వెక్కి వెక్కి ఏడ్చింది. హేమలత వద్దనలేదు. పక్కనే కూర్చుంది.

కప్పా? ఎవరో పట్టుకుపోయారు తల్లీ. ఆ పిల్లలు అటు చూడనేలేదు. పోయిన నాన్న తిరిగి వస్తాడా, రాడు. తిరుగు బస్సులో మాత్రం సుగుణ నజీమా భుజం మీద తలవాల్చి నిద్రపోయింది.

కథ పోయె కంచికి,
కునుకు వచ్చె కంటికి,
మనం పోదాం ఇంటికి.